చెవిపెద్ద విప్పిన మాట

ముందు నా సంతోషం చెప్పుకోనివ్వండి, కోపం సంగతి తర్వాత చెప్తాను. నేను డిగ్రీ పాసయ్యాను. మా నాయిన వైపు చూసినా అమ్మ వైపు చూసినా డిగ్రీ దాకా వచ్చిన మొదటి మనిషిని నేనే. అంగన్‌వాడీలో పిల్లలకు గుడ్లు ఉడకబెట్టి, బరువులు తూచి, ఇంటికొచ్చి పొయ్యి మీద కూర ఉడుకుతుంటే పక్కన పుస్తకం పెట్టుకుని దూరవిద్యలో చదివాను. రాజనీతి శాస్త్రం పుస్తకానికి ఇప్పటికీ చింతపండు మరకలున్నాయి. నా కూతురు నవ్య ఖమ్మంలో కాలేజీకి పోతుంది, దానిదింకా నడుస్తూనే ఉంది. అంటే కూతురికంటే ముందు తల్లి గట్టెక్కింది. ఆ మాట దానికి ఫోన్లో చెప్పి ఏడిపించాను. ఫలితం వచ్చినప్పుడు నేను సెంటర్లో ఉన్నాను. ఎదురుగా ఉన్నది పిల్లలే కాబట్టి మొదట వాళ్లకే చెప్పాను, ఎందుకో తెలియకుండానే అందరూ చప్పట్లు కొట్టారు. తర్వాత కిరాణా కొట్టు ఆమెకు చెప్పాను, ఆటో అతనికి చెప్పాను, దారిలో ఎదురైన గొర్లకాపరికి కూడా ఆపి మరీ చెప్పాను. ఆయనెవరో నాకు తెలియదు. మంచిగైంది బిడ్డా, నౌకరీ వస్తదా అని అడిగాడు. రాకున్నా పర్లేదు పెద్దయ్యా అన్నాను. ఇంటికొచ్చి అమ్మకు చెప్తే, చాట దించి, ఇంకేమన్న సదివేది మిగిలిందా అని అడిగింది. లేదు, అయిపోయింది అన్నాను. "అయితే ఇయ్యాలన్న జల్దీ పండుకో" అంది మా అమ్మ కాంతమ్మ.

ఆ మర్నాడు బుచ్చమ్మత్త వచ్చింది. మా నాయినకు పెద్దక్క. మా ఊర్లోనే ఇచ్చారు కాబట్టి పుట్టిల్లు, అత్తిల్లు రెండూ ఆమెకు పిలిస్తే పలికేంత దూరంలో ఉంటాయి. బూందీ లడ్లు స్టీలు డబ్బాలో పెట్టుకుని, ఉతికిన చీర కట్టుకుని వచ్చింది. అప్పటికే మా పందిరి కింద చుట్టుపక్కల ఆడవాళ్లు చేరి ఉన్నారు. అత్త కుర్చీలో కూర్చుని, నా నోట్లో లడ్డు కుక్కి, అందరినీ చుట్టూ చూసి మొదలుపెట్టింది. "బిడ్డ డిగ్రీ సదివిందంటే తల్లి బతకబట్టే గదా. తల్లి బతికిందంటే నేను ఆనాడు విప్పి చెప్పబట్టే గదా. మరి గిదంత ఏడ మొదలైనట్టు?"

లడ్డు నా నోట్లోనే ఉంది. మింగడానికి చాలాసేపు పట్టింది.

ఆమె ఆనాడు ఏం విప్పిందో చెప్పాలంటే మా చిన్నప్పటి ఆకు కాలం గురించి చెప్పాలి. మాది చండ్రుగొండ దాటి లోపలికి, అడవి అంచున ఉన్న ఊరు. బొగ్గు మా ఊరికి రాదు గానీ మా నాయిన ఒంటి మీద వచ్చేది. ఆయన బొగ్గు బావుల దగ్గర కాంట్రాక్టు కింద లోడింగు పని చేసేవాడు. సైకిల్ దిగగానే అంగీ బయటే విప్పి దండెం మీద వేసేవాడు. ఆ అంగీ ఎన్ని ఉతుకులు ఉతికినా కాలర్ దగ్గర నల్లగానే ఉండేది. లోపల ఇల్లంతా ఇంకో వాసన. ఎండిన ఇప్పపువ్వు, పొగాకు, పొయ్యి మీద పొంగిన అంబలి. ఇప్పపువ్వు వాసన మా నాయనమ్మది. వేయించిన పువ్వు కొంగున ముడేసుకుని, పనిలో ఉన్న పిల్లల నోట్లో ఒక్కొక్కటి వేస్తూ తిరిగేది. పొద్దున్నే లేచి మొదట కోళ్లతో మాట్లాడేది. వాటిని పేర్లు పెట్టి తిట్టేది. ఆ పేర్లు ఊర్లో ఎవరివో మా అందరికీ తెలుసు, కానీ ఎవరికీ తెలియనట్టు ఉండేవాళ్లం.

ఎండాకాలం వచ్చిందంటే తునికాకు. తెల్లవారకముందే ఆడవాళ్లు అడవిలోకి పోయి, ఎండ భుజాలు కాల్చే వేళకు గోనెపట్టాల నిండా ఆకు మోసుకొచ్చేవాళ్లు. అంబలి తాగి, నీడకు చేరి, ఆకు మీద ఆకు పేర్చి నారతో కట్టలు కట్టేవాళ్లు. సాయంత్రంలోగా కట్టలు ఆకు కొనే కల్లానికి చేరాలి. మా పందిరి పెద్దది కాబట్టి చుట్టుపక్కల ఇళ్లవాళ్లంతా మా ఇంటి ముందే కూర్చునేవాళ్లు. పచ్చి ఆకు వాసన చేదుగా ఉంటుంది, గొంతులో దిగి అక్కడే ఉంటుంది. వేళ్లు జిగురుపట్టి నల్లబడతాయి. చేతులకు తీరిక ఉండదు, నోటికి మాత్రం పని ఉండదు. అందుకే ఆ ఆట పుట్టి ఉంటుంది. మేం దాన్ని చెవిమాట అనేవాళ్లం. నేను అంగన్‌వాడీ పనిమీద చాలా ఊర్లు తిరిగాను గానీ ఈ ఆట ఇంకెక్కడా చూడలేదు.

ఆట సులువే. ఒకామె చెవిపెద్ద. మిగతావాళ్లు ఒక్కొక్కరే లేచి ఆమె చెవిలో తమ గురించి ఒక నిజం చెప్పాలి. ఎవరికీ తెలియని నిజం. చెవిపెద్ద వాటిలోంచి ఒకటి తీసి, పేరు చెప్పకుండా, తన మాటల్లో సగం మూసి సగం తెరిచి పైకి చెప్తుంది. అది ఎవరిదో మిగతావాళ్లు పట్టుకోవాలి. ఎవరినైనా ఏమైనా అడగొచ్చు, అడిగించుకున్నామె అబద్ధం చెప్పొచ్చు. దొరికిపోతే అందరికీ నీళ్లు మోయాలి. కట్టలు అయిపోయేలోపు దొరక్కపోతే ఆ మాట గెలిచినట్టు. గెలిచిన మాటను మాత్రం చెవిపెద్ద విప్పకూడదు. కట్టకు పనికిరాని చిరుగాకు ఒకటి తీసుకుని, నోటి దగ్గర పెట్టుకుని ఒకసారి ఊది, నలిపి మేకల వైపు విసిరేస్తుంది. అక్కడితో సరి. చిన్నప్పుడు నేను మా నాయనమ్మ కొంగు పట్టుకుని, అది ఎవరి మాట, ఒక్కసారి చెప్పు అని వెంటపడేదాన్ని. "మేక తిన్నది పో" అనేది.

చిన్న చిన్న నిజాలు చెప్పేవాళ్లు తక్కువ. మామిడికాయ దొంగతనాలు, మొగుడి జేబులు చూడటం, ఇవన్నీ వెంటనే దొరికిపోతాయి. గెలవాలంటే లోపలి నుంచి తియ్యాలి. నాకు ఇప్పుడు ఇంకోటి కూడా అనిపిస్తుంది, గెలవడం ఒక వంక మాత్రమే. ఆ ఆడవాళ్లకు లోపలి మాట దించుకోవడానికి ఇంకో చోటు లేదు. పుట్టింట్లో చెప్తే పుట్టింటివాళ్లు దిగులుపడతారు, అత్తింట్లో చెప్తే తంటా. చెవిపెద్ద చెవిలో చెప్తే ఆకులో పోతుంది. ఏళ్ల తరబడి ఆ చెవి మా నాయనమ్మదే. ఆమె చెవిలో ఎన్ని పోశారో, ఆమె ఎన్ని మేకలకు వేసిందో ఎవరికీ తెలియదు.

నాకు పదో తరగతి అయిన ఆ ఎండాకాలానికి నాయనమ్మకు చెవుడు బాగా ముదిరింది. చెవిలో చెప్పాలంటే అరవాల్సి వచ్చేది. పొట్టి లచ్చమ్మ అని మా ఎదురింటామె, బాగా నోరున్న మనిషి, తను పక్కామె పాదు నుంచి ఆనపకాయ కోసుకున్నానని నాయనమ్మ చెవిలో అరిస్తే, ఆ పక్కామె అక్కడే కూర్చుని ఉంది. కట్ట తీసి లచ్చమ్మ నెత్తిన కొట్టింది. అందరం పొట్ట చేత్తో పట్టుకుని నవ్వాం. నాయనమ్మ మాత్రం ఏమీ వినపడక, బుద్ధిగా ఆకులో ఊది విసిరేసింది. ఆ మర్నాటి నుంచి బుచ్చమ్మత్తను చెవిపెద్దను చేశారు. ఒప్పుకోవాలి, ఆట నడపడంలో ఆమెకు సాటి లేదు. మంచి గొంతు. ఏ మాటను ఎక్కడ మూయాలో ఎక్కడ తెరవాలో బాగా తెలుసు. ఆమె చెప్తుంటే చేతులు ఆగిపోయేవి, మళ్లీ ఆమే కట్టలు కట్టండే అని తిట్టేది.

మా అమ్మ పొరపాటు అక్కడ జరిగింది. చెవి మారిందని ఆమె లెక్కలోకి తీసుకోలేదు. నాయనమ్మ చెవికి చెప్పినట్టే అత్త చెవికి చెప్పింది. ఆ రోజు అమ్మ లేచి, చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని అత్త దగ్గర వంగడం నాకు గుర్తుంది. దగ్గు రాకుండా అలా పెట్టుకుందని అప్పుడు తెలియదు. సిగ్గు అనుకున్నాను.

అత్త తల ఎత్తి, వేళ్లు నారతో తుడుచుకుని, మనలో ఒకామె సంత పేరు చెప్పి ఇంకో కాడికి పోతున్నది, ఏడికో చెప్పండి, ఎవరో చెప్పండి అంది. పందిరి కింద పండగైపోయింది. ఒకామె సినిమాకని, ఒకామె కల్లు మండువాకని అంది. లచ్చమ్మ అయితే, సినిమా కాదు కల్లు కాదు, మోటారు సైకిల్ మీద పోయే గడ్డపాయన కోసం అని చెప్పి అందరి మొహాలూ ఒక్కొక్కటే చూసింది. ఒక్కొక్కరినీ నిలదీశారు. మా అమ్మ వైపు మాత్రం ఎవరూ చూడలేదు. సంతకు పోయి ఉప్పు తెచ్చి, ఉప్పు తెచ్చిన దారినే ఇల్లు చేరే మనిషి కాంత. కట్టలు అయిపోయాయి. ఎవరికీ దొరకలేదు. అమ్మ కింది పెదవి కొరుక్కుని నవ్వు ఆపుకోవడం నేను చూశాను. గెలిచింది కదా, అది అమ్మ మాటే అయ్యుంటుందని అప్పుడు తెలిసింది. నాకూ గర్వంగానే అనిపించింది.

అత్త ఆకు చేతిలోకి తీసుకుంది. అప్పుడు లచ్చమ్మ అడ్డుపడింది. ఇంతమందిమి కలిసి పట్టుకోలేదంటే అది ఎవరి మాటా కాదు, నువ్వే అల్లి చెప్పినవు, ముసల్ది ఉన్నప్పుడు ఆట సాపుగా ఉండేది, నువ్వొచ్చినంక దొంగాట అయింది అంది. నవ్వుతూనే అంది గానీ ఇంకో ఇద్దరు అవ్ అవ్ అన్నారు. అత్త మొహం మాడిపోయింది. చేతిలో ఆకును కింద పడేసింది.

"దొంగాటనా? ఇగో, కాంతది ఆ మాట. టీబీ గోలీల కోసం దవాఖానాకు పోతున్నది, సంత వంకన. అడుగుండ్రి, నేను అల్లిన్నేమో."

మా అమ్మ చేతిలో ఆఖరి కట్ట ఉంది. దానికి ముడి వేసింది, నార మిగిలితే పళ్లతో కొరికింది, కట్ట పక్కన పెట్టింది. నాయనమ్మ అందరి మొహాలు చూసి, ఏందంటున్నరే, ఏందంటున్నరే అని అడుగుతూ ఉంది. ఆ మాటను గట్టిగా అరిచి ఆమెకు వినిపించడానికి ఎవరికీ నోరు రాలేదు. ఆడవాళ్లు ఒక్కొక్కరే లేచి తమ కట్టలు తట్టల్లో పెట్టుకున్నారు. అమ్మ కట్టలకు ఆనుకుని ఉన్న కట్టలు తీసుకునేటప్పుడు కొంచెం దులిపి తీసుకున్నారు.

అమ్మ ఎందుకు దాచిందో ఇప్పటివాళ్లకు చెప్పాలి. అంతకుముందు మా పక్క గూడెంలో ఒకామెకు ఆ జబ్బు వస్తే, ఊరి బయట చేను కాడ గుడిసె వేసి ఉంచారు. అన్నం దూరం నుంచి పెట్టేవాళ్లు. ఆమె బతికింది, తిరిగి ఊర్లోకి వచ్చింది, కానీ పిల్లలు ఆమె దగ్గరికి పోలేదు. మా అమ్మకు అది కళ్ల ముందు ఉంది. దవాఖానాలో డాక్టరమ్మ మందు మొత్తం మింగితే తగ్గిపోతుందని చెప్పింది. మధ్యలో ఎవరికీ తెలియకుండా ఆ మందు మొత్తం మింగేయాలన్నదే అమ్మ పట్టు. ఊర్లో, కూర్చునే చోట, తన చోటు తనకు ఉండాలి. అంతే ఆమె కోరింది.

ఆ చోటు పోయింది. గుడిసెలో పెట్టలేదు, ఎవరూ ఏమీ అనలేదు. బోరింగు దగ్గరికి అమ్మ వస్తే బిందెలు తీసుకుని పక్కకు జరిగేవాళ్లు, ముందు నువ్వు పట్టుకో కాంతా అని మర్యాదగా అనేవాళ్లు. అమ్మ పట్టుకుని పోయాక బోరింగు పిడి కడిగి నీళ్లు కొట్టుకునేవాళ్లు. ఒకసారి అమ్మ వెనక్కి తిరిగి అది చూసింది. ఆ తర్వాత నీళ్లకు నేనే పోయాను. ఆకుకూ నేనే పోయాను. మా పందిరి కిందికి మళ్లీ ఎవరూ రాలేదు. లచ్చమ్మ వాళ్ల కొట్టం నీడకు చేరారు. అత్త కూడా అటే పోయింది. తమ్ముడింట్లో నీళ్లు తాగడం మానేసింది, ఇంట్లో పనుందని చెప్పి గుమ్మం నుంచే తిరిగిపోయేది. నాకు ఖమ్మంలో జూనియర్ కాలేజీలో సీటు, హాస్టల్ వచ్చి ఉన్నాయి. చేరే రోజులు వచ్చాయి, పోయాయి. ఇంట్లో చెవిటి నాయనమ్మ, లేవలేని అమ్మ, డ్యూటీకి పోయే నాయిన. ఎవరు నీళ్లు తేవాలి? నన్నెవరూ ఆపలేదు. పోలేదు, అంతే. చలికాలానికి అమ్మ మళ్లీ కండపట్టింది, అప్పటికి నా సీట్లో ఇంకెవరో కూర్చున్నారు.

ఇంకో ముక్క ఉంది. రాయడం నాకు ఇష్టం లేదు గానీ జరిగింది. ఆ సాయంత్రం మా నాయిన డ్యూటీ నుంచి వచ్చేలోపే దారిలో ఎవరో చెప్పారు. అంగీ కూడా విప్పకుండా లోపలికి వచ్చి, అమ్మ ముందు నిలబడ్డాడు. కొడతాడేమో అనుకున్నాను. "నాకు చెప్తే నేను తీస్కపోనా?" అన్నాడు. అప్పటి నుంచి దవాఖానాకు ఆయనే సైకిల్ మీద తీసుకుపోయాడు. సెలవు దొరక్కపోతే డ్యూటీ మానుకున్నాడు. అత్త తన గొప్పగా చెప్పుకునేది ఈ సైకిల్‌నే. తను విప్పకపోతే కాంత నడిచి నడిచి ఎక్కడో మందు మానేసేదట. మానేసేదో లేదో ఎవరికి తెలుసు? మా అమ్మ సంగతి నాకు తెలుసు. పాక్కుంటూ అయినా పోయేది.

ఆ ఆట తర్వాత ఎక్కువ రోజులు బతకలేదు. కొట్టం నీడన ఆడారట గానీ, ఎవరూ నిజాలు చెప్పలేదట. రాత్రి రెండు ముద్దలు ఎక్కువ తిన్నాను లాంటివి చెప్పుకుని, అవి కూడా దొరికిపోయి, విసుగొచ్చి మానేశారు. ఇప్పుడు ఆకుకు పోయేవాళ్లు చెవుల్లో వైర్లు పెట్టుకుని పాటలు వింటూ కట్టలు కడతారు. ఆట నడిపేవాణ్ని మోడరేటర్ అంటారట, ఆ మాట నవ్య నోటే విన్నాను. వాళ్ల కాలేజీ పిల్లలు ఫోన్లలో గుంపుగా ఒక ఆట ఆడతారట. ఒకరు దొంగ, ఒకరు వైద్యుడు, ఎవరు ఎవరో నడిపే మనిషికి ఒక్కడికే తెలుసు, అందరూ అతనికి చాటుగా మెసేజీలు పెడతారు. ఆట అవగానే అతను ఆ చాటు మెసేజీలన్నీ గుంపులో పెట్టేస్తాడట, అప్పుడే మజా అంది. ఆటలో వేసిన ఎత్తులైతే పెట్టండి, దానికేం. కానీ మనిషి తన సొంత సంగతి చెప్పుకున్నది కూడా పెడతాడా అని అడిగాను. పెడతాడు అంది. పోయినసారి ఒక పిల్ల, మా ఇంట్లో గొడవగా ఉంది, నేను సరిగా ఆడలేను, ఏమనుకోకు అని అతనికి రాసిందట. అదీ పెట్టాడు. ఆ పిల్ల గుంపులోంచి వెళ్లిపోయింది. ఆట అయిపోయింది కదమ్మా, అయినంక దాచడమెందుకు, దాస్తే నడిపినోడు మోసం చేసిండని అంటరు గదా అని నవ్య అంది. అచ్చం బుచ్చమ్మత్త మాట. ఖమ్మం దాకా పోయి చదువుకుంటున్న నా కడుపున పుట్టిన పిల్ల నోట్లో. ఆ రోజు ఫోన్లో దాన్ని తిట్టిన తిట్లకు పక్క ఇంటివాళ్లు బయటికి వచ్చారు.

ఇంత లోపల పెట్టుకుని ఉన్నాను కాబట్టి, పందిరి కింద లడ్డు మింగాక ఊరుకోలేదు. అత్తా, నా డిగ్రీ నీ వల్ల రాలేదు, నీ వల్ల ఇంత ఆలస్యమైంది అని మొదలుపెట్టాను. అమ్మ నా చెయ్యి గిల్లింది. నేను ఆగలేదు. అమ్మ నీ చెవిలో చెప్పింది ఆట కోసం, ఊరి కోసం కాదు అన్నాను. అత్త నిదానంగా డబ్బా మూత పెట్టింది. లచ్చమ్మ నలుగురిలో తనను దొంగ అంటే తను ఊరుకోవాలా, నడిపేదాని ఇజ్జత్ పోతే ఆట ఏముంటది అంది. నీ ఇజ్జత్ కోసం మా అమ్మది తీసినవా అన్నాను. అప్పుడు అత్త నవ్వింది. ఆమె నవ్వితేనే నాకు భయం, ఏదో దొరికితేనే నవ్వుతుంది.

"టీబీ వస్తే ఇజ్జత్ పోతదా బిడ్డా? అంగన్‌వాడీల నువ్వే గదా చెప్తవు, దాచొద్దు, బయటికి చెప్పాలె, దవాఖానాకు రావాలె అని. గోడకు కాయితం గూడ అతికిచ్చినవు. నువ్వు చెప్తే నీతి, నేను చెప్తే పాపమా?"

కూర్చున్నవాళ్లలో ఒకామె తల ఊపింది. నాకు ఒళ్లు మండింది. కాయితం మీద ఎవరి పేరూ ఉండదత్తా, చెప్పుకోవాల్సింది జబ్బు వచ్చిన మనిషి అన్నాను. కానీ నా గొంతు అప్పటికే పైకి పోయింది, అరిచేవాళ్ల మాట ఎవరికీ సరిగా అనిపించదు. అప్పుడు నాకు ఒక సంగతి గుర్తొచ్చింది. నేను ఇంకా చిన్నదాన్ని, ఆకు కాలంలోనే నాయనమ్మ ఏదో పెళ్లికి కారేపల్లి పోతే, ఆమె వచ్చేదాకా చెవిపెద్దగా మా అమ్మ కూర్చుంది. అత్త వంగి అమ్మ చెవిలో చాలాసేపు చెప్పింది. చెప్పి పోయి కూర్చుని, ఆకు జిగురు చేతులతోనే కళ్లు తుడుచుకుంది. కళ్లు మండుతున్నయి అని నవ్వింది. ఆ మాట ఆ రోజు గెలిచింది. అమ్మ ఆకులో ఊది మేకలకు వేసింది.

"అత్తా, నీ మాట గూడ ఒకటి అమ్మ కాడ ఉన్నది గదా," అన్నాను. "ఆట ఎప్పుడో అయిపోయె. ఇప్పుడు విప్పుమందామా?"

అత్త నా వైపు చూడలేదు. అమ్మ వైపు చూసింది. ఆ పెద్ద గొంతు మనిషి, ఊరంతా వినపడేలా మాట్లాడే మనిషి, రెండు పెదవులూ లోపలికి ముడుచుకుంది. ఒళ్లో డబ్బాను రెండు చేతులతో పట్టుకుంది. పందిరి కింద అందరూ అమ్మ వైపు తిరిగారు. ఇన్నేళ్లకు ఆ చూపులు మళ్లీ మా అమ్మ మీద పడ్డాయి, కానీ ఈసారి పడాల్సింది ఆమె మీద కాదు. నాకు, దాచడమెందుకు, హాయిగా ఉంది. నోరు విప్పు అమ్మా, ఒక్క ముక్క చాలు అనుకున్నాను.

"నాకు యాదికి లేదు వదినె," అంది అమ్మ.

అత్త డబ్బా ఖాళీ చేసి ఇవ్వమని నాకు ఇచ్చింది. నేను తీసుకోలేదు. అమ్మ తీసుకుని లోపలికి పోయి లడ్లు గిన్నెలోకి వంపి తెచ్చి ఇచ్చింది. అత్త లేచేటప్పుడు మోకాళ్లు పట్టేస్తే అమ్మే చెయ్యి అందించింది. పోతూ పోతూ అత్త నాతో, మంచిగ సదివినవు బిడ్డా అంది. మన్నించమని నాతో అనలేదు, అమ్మతోనూ అనలేదు. ఇప్పటిదాకా అనలేదు.

అందరూ పోయాక అమ్మ గిన్నెలో లడ్డు ఒకటి తీసుకుని గుమ్మంలో కూర్చుని తింటుంటే, పోయి పక్కన కూర్చున్నాను. నిజంగనే యాదికి లేదా అని అడిగాను. ఉన్నది అంది. అయితే చెప్పు. చెప్పను అంది. ఆమె నీది చెప్పింది గదా అన్నాను. చెప్పింది అంది, లడ్డులో లవంగం తీసి పక్కన పెడుతూ. ఆడినవాళ్లలో సగం మంది పోయారు, నాయనమ్మ పోయింది, లచ్చమ్మకు ఇప్పుడు ఎవరి పేరూ గుర్తుండదు, ఇంక ఎవరికి నష్టం, నాకొక్కదానికి చెప్పు, నా చదువు పోయింది ఆమె వల్ల, నాకు ఆ మాత్రం హక్కు లేదా అన్నాను. చాలాసేపు అడిగాను. బతిమాలాను, అలిగాను, డిగ్రీ పాసైన బిడ్డ ఒక్కటి అడిగితే కాదంటావా అని కూడా అన్నాను.

"నీకు చెప్తే రాస్తవు," అంది అమ్మ.

అప్పటికే ఇదంతా రాయాలని నా మనసులో ఉంది. ఆమెకు ఎలా తెలిసిందో. మరి నీది రాయనా అని అడిగాను. ఆలోచించింది. "నాది రాస్కో. దగ్గు అని రాయకు, టీబీ అని రాయి. మందు మొత్తం మింగిన్నని గూడ రాయి" అంది. లేచి చేతులు కడుక్కోవడానికి పోయింది.

రాశాను. టీబీ అనే రాశాను, మందు మొత్తం మింగిందని కూడా రాశాను, రాసింది ఆమెకు చదివి వినిపించాను. నాయిన సైకిల్ ముక్క రెండుసార్లు చదివించుకుంది. బుచ్చమ్మత్త మా ఇంటికి ఇప్పటికీ వస్తుంది, అమ్మతో మాట్లాడి పోతుంది. నేను లోపలి గదిలోంచి బయటికి రాను. వాళ్లిద్దరి మధ్య ఉన్న ఆ మాట ఏమిటో నాకు తెలియదు. తెలిస్తే ఇక్కడ, ఈ పేజీలో, ఆమె పేరు పెట్టి రాసేదాన్ని. అలా రాస్తానని మా అమ్మకు నాకంటే ముందే తెలుసు.